ఓఆర్‌ఎం వదిలి నేరుగా ఎస్‌క్యూఎల్‌కి మారడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్లుగా నడుస్తున్న ప్రాజెక్టులోంచి ఓఆర్‌ఎం (టేబుల్ వరుసల్ని కోడ్‌లో ఆబ్జెక్టులుగా చూపించి, క్వెరీలని తానే తయారుచేసే లైబ్రరీ) తీసేసి, డేటాబేస్ కోడ్‌ని డేటాబేస్ సొంత భాష ఎస్‌క్యూఎల్‌లోనే రాసుకుందాం అనుకునే టీమ్‌లకి వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసినంతలో సూటిగా జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌వి, అవసరమైన చోట మైఎస్‌క్యూఎల్ సంగతి కూడా చెబుతాను. ముందే ఒక మాట: ఇందులో ఎస్‌క్యూఎల్ రాయడం తేలిక భాగం. ఓఆర్‌ఎం ఇన్నాళ్లూ అడక్కుండానే చేసిపెట్టిన పనులు ఏవేవో పట్టుకుని, ఒక్కో పనినీ డేటాబేస్‌కి అప్పజెప్పాలా లేక మన కోడ్‌లో కళ్లకి కనిపించేలా రాయాలా అని తేల్చుకోవడమే అసలు కష్టం.

అసలు మారాల్సిన అవసరం ఉందా?

చాలా ప్రాజెక్టులకి లేదు. మీ అప్లికేషన్ పని ఎక్కువగా ఒక ఫారం తెరిచి, ఒక వరుస చదివి, మార్చి, సేవ్ చేయడమే అయితే ఓఆర్‌ఎం ఆ పని బాగానే చేస్తుంది, దాన్ని కదిలించకండి. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అడ్మిన్ లాంటిదాని మీద మీ ఆపరేషన్స్ టీమ్ మొత్తం ఆధారపడి ఉన్నా కదిలించకండి, ఎందుకంటే ఆ స్క్రీన్లన్నీ మోడల్స్ (ఓఆర్‌ఎంలో టేబుల్‌ని వర్ణించే క్లాసులు) మీదే నిలబడి ఉంటాయి, మోడల్స్ పోతే అవీ పోతాయి.

మారడం గురించి ఆలోచించాల్సింది ఎప్పుడంటే, ఒక క్వెరీ ఎందుకు నెమ్మదిగా ఉందో తెలుసుకోవడానికి ముందు అది ఎక్కడ పుట్టిందో వెతకడానికే సగం రోజు పోతున్నప్పుడు. విండో ఫంక్షన్, లేటరల్ జాయిన్, అప్‌సర్ట్ (వరుస ఉంటే మార్చడం, లేకపోతే చేర్చడం) లాంటి ఎస్‌క్యూఎల్ సౌకర్యాలు కావాల్సొచ్చిన ప్రతిసారీ ఓఆర్‌ఎం భాషలోకి వాటిని బలవంతంగా ఇరికిస్తున్నప్పుడు. కోడ్‌లో ఇప్పటికే సగం చోట్ల రా ఎస్‌క్యూఎల్ (చేత్తో నేరుగా రాసినది) ఉండి, మిగతా సగం దాన్ని పట్టించుకోకుండా నడుస్తున్నప్పుడు. ఈ మూడోదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకో కింద చెబుతాను.

"ఓఆర్‌ఎం అంటే చెడ్డది, అందరూ వదిలేస్తున్నారు" అన్నదొక్కటే మీ కారణమైతే దయచేసి ఆగండి. నెలల తరబడి సాగే పని ఇది, దానికి అంతకంటే గట్టి కారణం కావాలి.

మొత్తం తీసేయాలా? నెమ్మదైన క్వెరీలు మాత్రం మార్చుకుంటే చాలదా?

చాలాసార్లు చాలు. రిపోర్టులు, పెద్ద లిస్టులు, డ్యాష్‌బోర్డులు, అంటే చదవడం మాత్రమే ఉండే చోట్లు, ఎస్‌క్యూఎల్‌కి మార్చి రాతలన్నీ (వరుసలు చేర్చడం, మార్చడం, తుడవడం) ఓఆర్‌ఎం చేతిలోనే ఉంచడం చాలా కాలం హాయిగా నడిచే ఏర్పాటు. ఎంత దూరం వెళ్లాలో మొదటి రోజే నిర్ణయించుకోనక్కర్లేదు. కానీ ఒకటి మాత్రం మొదటి రోజే రాసిపెట్టుకోండి: ఏ టేబుల్‌లోకి ఎవరు రాస్తారు అన్నది. ఒక టేబుల్‌కి ఓఆర్‌ఎం ద్వారా, రా ఎస్‌క్యూఎల్ ద్వారా రెండు దారుల్లోనూ రాతలు జరిగే కాలం ఎంత తక్కువ ఉంటే మీకు అంత మంచిది.

ఓఆర్‌ఎం బదులు ఏం వాడాలి?

మూడు రకాల దారులున్నాయి.

మొదటిది, ఎస్‌క్యూఎల్ మీరే రాసి, ఫలితాన్ని ఆబ్జెక్టుల్లో నింపే పని మాత్రం చిన్న లైబ్రరీకి వదిలేయడం. డాట్‌నెట్‌లో డాపర్, జావాలో జేడీబీఐ, మైబాటిస్ ఈ కోవలోవి. రెండోది క్వెరీ బిల్డర్, ఎస్‌క్యూఎల్‌ని మీ భాషలోనే ముక్కలు ముక్కలుగా కట్టడం. జావాలో జూక్, టైప్‌స్క్రిప్ట్‌లో కీసెలీ, పైథాన్‌లో ఎస్‌క్యూఎల్ఆల్కెమీ కోర్. ఎస్‌క్యూఎల్ఆల్కెమీ వాడేవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు: ఓఆర్‌ఎం పొరని తీసేసి కింద ఉన్న కోర్‌ని అలాగే ఉంచుకోవచ్చు, కొత్త లైబ్రరీ అక్కర్లేదు. మూడోది, ఎస్‌క్యూఎల్ ఫైళ్లు చదివి వాటికి సరిపోయే టైపులతో కోడ్ తయారుచేసే పనిముట్లు. గో భాషలో ఎస్‌క్యూఎల్‌సీ ఇదే చేస్తుంది. రస్ట్‌లో ఎస్‌క్యూఎల్‌ఎక్స్ ఇంకాస్త ముందుకెళ్లి, కంపైల్ చేసేటప్పుడే క్వెరీని అసలు డేటాబేస్‌తో సరిచూస్తుంది, కాలమ్ పేరు తప్పు రాస్తే బిల్డ్ అవ్వదు.

నా ఇష్టం అడిగితే మూడోదే. ఓఆర్‌ఎం పోగానే అందరికీ పట్టుకునే టెన్షన్ "కాలమ్ పేరు మారిస్తే ఎక్కడెక్కడ పగులుతుందో ఎలా తెలుస్తుంది" అన్నది, ఆ టెన్షన్‌ని ఈ పనిముట్లు దాదాపు తీసేస్తాయి. మీ భాషలో అలాంటిది లేకపోతే మొదటిదే మంచిది, ఫిల్టర్లు ఎక్కువ ఉన్న స్క్రీన్లకి మాత్రం పక్కన ఒక క్వెరీ బిల్డర్ పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. "ఇవేవీ వద్దు, మనమే చిన్న లేయర్ రాసుకుందాం" అనే ఆలోచన ప్రతి టీమ్‌లోనూ ఎవరికో ఒకరికి వస్తుంది. రాస్తారు కూడా. మొదట ఇన్సర్ట్‌కి ఒక హెల్పర్, తర్వాత రిలేషన్లకి ఒకటి, ఆపైన కాష్... తిరిగి చూసేసరికి డాక్యుమెంటేషన్ లేని ఇంకో ఓఆర్‌ఎం తయారై ఉంటుంది, దాన్ని మెయింటెయిన్ చేసేది మీరొక్కరే.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కోడ్‌లో మొదలుపెట్టకండి, డేటాబేస్ దగ్గర మొదలుపెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చి సర్వర్ ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం తీసుకుంది, సగటున ఎంత, అన్నీ చెబుతుంది. పారామీటర్ల విలువలు తీసేసి ఒకేలాంటి క్వెరీలని ఒకే లైనుగా చూపిస్తుంది కాబట్టి, మీ ఓఆర్‌ఎం నిజంగా పంపుతున్న క్వెరీల జాబితా మీకు ఉచితంగా దొరికినట్టే. ఒక వారం, నెలాఖరు పనులు ఉంటే ఒక నెల, నడవనిచ్చి చూడండి. మార్చాల్సిన క్వెరీల జాబితా ఇదే, కోడ్‌లో మోడల్ క్లాసులు లెక్కపెడితే వచ్చేది కాదు.

రెండో పని: స్కీమాని (టేబుళ్ల నిర్మాణాన్ని) మాత్రమే డంప్ తీసి, దాన్ని పక్కన పెట్టుకుని మోడల్ ఫైళ్లు చదవండి. మోడల్‌లో "ఖాళీ ఉండకూడదు" అని ఉండి టేబుల్‌లో ఖాళీ ఉండొచ్చు అని ఉందా? మోడల్‌లో యునీక్ అని ఉండి టేబుల్‌లో యునీక్ ఇండెక్స్ లేదా? ఈ తేడాలన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించండి. ఒక్క క్వెరీ కూడా మార్చకముందే ఈ జాబితాలోని ప్రతిదాన్నీ డేటాబేస్‌లోకి చేర్చాలి. డేటాబేస్ తన కాళ్ల మీద తాను నిలబడ్డాకే ఓఆర్‌ఎంని ముట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను, ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

పెద్ద టేబుళ్లకి కన్‌స్ట్రెయింట్లు (డేటాబేసే పాటింపజేసే నియమాలు) చేర్చడమంటే, టేబుల్ లాక్ అయి మిగతా పనులు ఆగిపోతాయన్న భయం ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీలనీ (ఇంకో టేబుల్‌లోని వరుసని చూపే కాలమ్‌లు) చెక్‌లనీ ముందు "నాట్ వ్యాలిడ్" అని చేర్చండి, కొత్తగా వచ్చే వరుసలకి వెంటనే వర్తిస్తుంది, పాతవాటిని చూడదు. తర్వాత పాత చెత్త శుభ్రం చేసుకుని "వ్యాలిడేట్" నడపండి, అది నడుస్తున్నంతసేపూ మామూలు చదవడాలు, రాయడాలు ఆగవు. యునీక్ ఇండెక్స్‌ని "కన్‌కరెంట్‌లీ" కట్టండి, అది ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అనే మార్పుల గుంపు) లోపల నడవదని మాత్రం మర్చిపోకండి.

ఓఆర్‌ఎం మనకి తెలియకుండా చేసే పనులు ఏవి?

ఈ ప్రశ్నకి ఎంత పొడుగ్గా చెప్పినా తక్కువే. మీ ఓఆర్‌ఎంని బట్టి మారతాయి కానీ, ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి ఇవి.

డిఫాల్ట్ విలువలు. జాంగోలో మోడల్ ఫీల్డ్‌కి ఇచ్చిన డిఫాల్ట్ పైథాన్‌లోనే ఉంటుంది, టేబుల్ కాలమ్‌కి డిఫాల్ట్ ఉండదు. డేటాబేస్‌లోనే డిఫాల్ట్ పెట్టే వీలు 2023 చివర్లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచే ఉంది. కాబట్టి నేరుగా ఇన్సర్ట్ రాసిన రోజు, ఎన్నడూ ఖాళీగా చూడని కాలమ్ దగ్గర ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే అదృష్టమే, ఆ కాలమ్ ఖాళీని ఒప్పుకునేదైతే చప్పుడు లేకుండా ఖాళీ విలువ కూర్చుంటుంది.

డిలీట్ చేసినప్పుడు జరిగేవి. జాంగోలో కాస్కేడ్ అని రాస్తే పిల్ల వరుసలని వెతికి తుడిచేది మామూలుగా జాంగోనే, డేటాబేస్‌లోని ఫారిన్ కీకి ఆ సంగతి తెలియదు. రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో డిపెండెంట్ డిస్ట్రాయ్ కూడా రూబీలోనే నడుస్తుంది. రా డిలీట్ రాస్తే ఫారిన్ కీ ఉన్నచోట ఎర్రర్, లేనిచోట అనాథ వరుసలు.

టైమ్‌స్టాంపులు. క్రియేటెడ్, అప్‌డేటెడ్ కాలమ్‌లు నింపేది చాలాచోట్ల ఓఆర్‌ఎమే. జాంగోలో ఆటో_నౌ అయితే సేవ్ పిలిచినప్పుడే పనిచేస్తుంది, ఒకేసారి చాలా వరుసల్ని మార్చే అప్‌డేట్‌లో ఓఆర్‌ఎం లోపల కూడా పనిచేయదు, అంటే మీ డేటా ఇప్పటికే కొంత తప్పుగా ఉండే అవకాశం ఉంది. రైల్స్ సమయాలని యూటీసీలో దాచి చూపించేటప్పుడు మారుస్తుంది, మీ కొత్త కోడ్ ఆ మార్పు చేయకపోతే గంటల తేడాలు కనిపిస్తాయి.

ఎనమ్‌లు. జావా ఓఆర్‌ఎంల ప్రమాణం జేపీఏలో ఎనమ్‌ని (స్థిరమైన పేర్ల జాబితా) ఎలా దాచాలో చెప్పకపోతే దాని వరుస సంఖ్యని దాస్తుంది. టేబుల్‌లో సున్నా, ఒకటి, రెండు అని ఉంటాయి, వాటి అర్థం జావా ఫైల్‌లో పేర్లు ఉన్న క్రమంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ ఫైల్‌ని ఎవరైనా అక్షర క్రమంలో సర్దితే ఏమవుతుందో ఊహించుకోండి. మారేముందు దీన్ని టెక్స్ట్‌గానో, చిన్న లుకప్ టేబుల్‌గానో మార్చుకోండి.

క్లాస్ పేర్లు. రైల్స్ పాలిమార్ఫిక్ అసోసియేషన్లు (ఒకే కాలమ్ వేర్వేరు టేబుళ్లని చూపగలిగే రిలేషన్లు) టైప్ కాలమ్‌లో రూబీ క్లాస్ పేరునే దాస్తాయి. అంటే మీ డేటాలో మీ కోడ్ పేర్లు ఉన్నాయి. ఆ క్లాసులు పోయాక ఆ మాటలకి అర్థం చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి అవి మామూలు మాటలుగా స్థిరపడాలి, లేదా రిలేషన్‌కొక కాలమ్ చొప్పున విడదీయాలి.

యునీక్ చెక్. రైల్స్‌లో యునీక్‌నెస్ వ్యాలిడేషన్ ముందు సెలెక్ట్ చేసి చూసి తర్వాత ఇన్సర్ట్ చేస్తుంది. రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండూ "లేదు" అని చూసి రెండూ చేర్చేస్తాయి. ఇది ఓఆర్‌ఎం ఉన్నప్పుడూ ఉన్న లోపమే, మీ డేటాలో డూప్లికేట్లు ఇప్పటికే ఉన్నాయేమో ముందు చూసుకోండి.

ఇవి కాక సేవ్‌కి ముందూ తర్వాతా నడిచే కాల్‌బ్యాక్‌లు, సిగ్నల్స్: మెయిల్ పంపేవి, సెర్చ్ ఇండెక్స్ తాజా చేసేవి, ఆడిట్ లాగ్ రాసేవి. వీటిని ట్రిగ్గర్లలోకి తోయకండి. ఆడిట్ లాగ్ ఒక్కదానికి ట్రిగ్గర్ బాగుంటుంది, మిగతావి మామూలు ఫంక్షన్‌లో, ట్రాన్సాక్షన్ పక్కనే, పేరు పెట్టి పిలిచేలా రాయండి.

సాఫ్ట్ డిలీట్, టెనెంట్ ఫిల్టర్ల సంగతేంటి?

సాఫ్ట్ డిలీట్ అంటే వరుసని తుడవకుండా తుడిచినట్టు గుర్తు పెట్టడం, టెనెంట్ ఫిల్టర్ అంటే ఒక్కో కస్టమర్‌కి వాళ్ల వరుసలే చూపించడం. దీన్ని విడిగా అడగడం మంచిదే, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ఒక కస్టమర్ డేటా ఇంకొకరికి కనిపిస్తుంది. రైల్స్‌లో డిఫాల్ట్ స్కోప్, జాంగోలో సొంత మేనేజర్, డాట్‌నెట్ ఓఆర్‌ఎం ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో గ్లోబల్ క్వెరీ ఫిల్టర్ వాడుతూ ఉంటే, ప్రతి క్వెరీకీ ఒక షరతు దానంతటదే చేరుతూ వచ్చింది. మీరు రాసే ఎస్‌క్యూఎల్‌లో అది చేరదు. "రివ్యూలో చూసుకుంటాం" అనుకోవద్దు, మనుషులు మర్చిపోతారు.

సాఫ్ట్ డిలీట్‌కి ఒక వ్యూ (టేబుల్‌లా చదవగలిగే, ముందే రాసిపెట్టిన క్వెరీ) కట్టి, చదివే కోడ్ అంతా ఆ వ్యూనే చదివేలా చేయండి, అసలు టేబుల్ మీద సెలెక్ట్ హక్కు అప్లికేషన్ యూజర్‌కి ఇవ్వకుండా ఉండగలిగితే మరీ మంచిది. టెనెంట్ ఫిల్టర్‌కి పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి రో లెవెల్ సెక్యూరిటీ (ఏ వరుసలు ఎవరికి కనిపించాలో డేటాబేసే చూసుకోవడం) ఉంది. మూడు విషయాలు గుర్తుంచుకోండి: టేబుల్ ఓనర్‌కి అది మామూలుగా వర్తించదు, "ఫోర్స్" అని చెప్పాలి, సూపర్‌యూజర్‌కి ఎప్పుడూ వర్తించదు, కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడే కనెక్షన్ల గుంపు) ఉంటే టెనెంట్ విలువని ట్రాన్సాక్షన్ వరకే ఉండేలా సెట్ చేయాలి, లేకపోతే అది తర్వాతి రిక్వెస్ట్‌కి అంటుకుపోతుంది.

మారే కాలంలో ఓఆర్‌ఎం, రా ఎస్‌క్యూఎల్ రెండూ ఒకేసారి నడుస్తాయి కదా, ఏం పగులుతుంది?

ముఖ్యంగా మూడు.

ఒకటి, వేరే కనెక్షన్. కొత్త కోడ్ తన సొంత పూల్ నుంచి కనెక్షన్ తీసుకుంటే అది ఓఆర్‌ఎం ట్రాన్సాక్షన్ బయట ఉంటుంది. ఓఆర్‌ఎం ఇప్పుడే చేర్చిన వరుస దానికి కనిపించదు. అదే వరుసని మార్చబోతే ఓఆర్‌ఎం పట్టుకున్న లాక్ కోసం ఎదురుచూస్తుంది, ఆ ఓఆర్‌ఎం ట్రాన్సాక్షన్ ఏమో ఈ ఫంక్షన్ పూర్తవ్వడం కోసం ఎదురుచూస్తుంది. ఇది డేటాబేస్‌కి డెడ్‌లాక్‌లా కనపడదు, ఎందుకంటే సగం ఎదురుచూపు మీ కోడ్‌లో ఉంది. టైమ్‌అవుట్ అయ్యేదాకా వేలాడుతుంది. అందుకే కొత్త లేయర్‌లోని ప్రతి ఫంక్షనూ కనెక్షన్‌ని ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవాలి, తనంతట తాను తెరవకూడదు, మారే కాలంలో ఓఆర్‌ఎం పట్టుకున్న కనెక్షన్‌నే దానికి అందించాలి.

రెండోది, ఓఆర్‌ఎం జ్ఞాపకం. హైబర్నేట్ (జావా ఓఆర్‌ఎం), ఎస్‌క్యూఎల్ఆల్కెమీ లాంటివి ఒకసారి చదివిన వరుసని సెషన్‌లో దాచుకుంటాయి, మార్పులని వెంటనే పంపకుండా కూడబెట్టి ఫ్లష్ అయ్యేటప్పుడు పంపుతాయి. కాబట్టి రా ఎస్‌క్యూఎల్‌కి ముందు ఫ్లష్ చేయాలి, తర్వాత సెషన్‌లోని పాత ఆబ్జెక్టుల్ని తీసేయాలి లేదా మళ్లీ చదివించాలి.

మూడోది అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే ఎర్రర్ రాదు. జాంగోలో సేవ్ పిలిస్తే, ఫలానా ఫీల్డ్‌లే అని చెప్పకపోతే, అన్ని కాలమ్‌లనీ తిరిగి రాస్తుంది. హైబర్నేట్ కూడా మామూలుగా అన్ని కాలమ్‌లతోనే అప్‌డేట్ పంపుతుంది. ఇప్పుడు ఊహించండి: ఓఆర్‌ఎం ఒక ఆర్డర్‌ని చదివింది, ఈలోగా మీ కొత్త కోడ్ ఆ ఆర్డర్ స్టేటస్‌ని మార్చింది, తర్వాత ఓఆర్‌ఎం చిరునామా మాత్రమే మారిన ఆబ్జెక్ట్‌ని సేవ్ చేసింది. పాత స్టేటస్ తిరిగొచ్చేసింది. లాగ్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఒక టేబుల్‌కి రెండు దారుల్లో రాతలు వద్దని పైన అన్నది ఇందుకే. తప్పనిసరైతే మారిన కాలమ్‌లే పంపేలా ఓఆర్‌ఎంకి చెప్పండి, వెర్షన్ కాలమ్ పెట్టి రెండు దారులూ దాన్ని పాటించేలా చూడండి.

మరి ఏ క్రమంలో మార్చాలి?

ముందు చదివేవి, వాటిలోనూ లిస్టులు, రిపోర్టులు. తర్వాత ఎవరూ అంతగా ముట్టుకోని, రిలేషన్లు తక్కువ ఉన్న ఒక టేబుల్ రాతలు, అలవాటు కోసం. ఆపైన టేబుళ్ల గుంపులు, అంటే ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిసి మారేవాటిని కలిపి ఒకేసారి. కాల్‌బ్యాక్‌లు ఎక్కువున్న యూజర్, ఆర్డర్ లాంటివి చివరికి. ఒక్కో గుంపు పూర్తయ్యాక ఆ మోడల్‌ని చదవడానికి మాత్రమే ఉంచి, దాని సేవ్ ఎర్రర్ ఇచ్చేలా చేయండి, లేకపోతే ఎవరో ఒకరు పాత అలవాటుతో వాడేస్తారు.

పేరెంట్‌తో పాటు దాని కింద ఉన్న వరుసల్ని ఎలా తేవాలి? అది ఓఆర్‌ఎం చక్కగా చేసేది కదా.

చక్కగా చేసేది, కొన్నిసార్లు ఎన్ ప్లస్ వన్ రూపంలో. 50 ఆర్డర్ల లిస్టులో ఒక్కో ఆర్డర్ ఐటమ్స్ విడిగా తెస్తే 51 క్వెరీలు, ఒక్కోదానికి నెట్‌వర్క్‌లో ఒక మిల్లీసెకను పట్టినా డేటాబేస్ ఏ పనీ చేయకుండానే 51 మిల్లీసెకన్లు పోయినట్టు.

నేను ఎక్కువగా వాడేది రెండు క్వెరీల పద్ధతి. మొదటిది ఆర్డర్లు తెస్తుంది, రెండోది ఆ ఐడీలన్నిటికీ సంబంధించిన ఐటమ్స్ ఒకేసారి తెస్తుంది, కోడ్‌లో ఒక మ్యాప్‌తో కలిపేస్తాం. పోస్ట్‌గ్రెస్‌లో ఐడీలని ఒకే అర్రే పారామీటర్‌గా "ఎనీ"కి ఇవ్వండి, "ఇన్" లోపల ఒక్కోదానికి ఒక్కో పారామీటర్ పెడితే 65,535 దగ్గర ప్రోటోకాల్ ఆపేస్తుంది, పైగా సంఖ్య మారిన ప్రతిసారీ అది కొత్త క్వెరీ అవుతుంది.

ఒకే జాయిన్‌తో తేవడం కూడా మంచిదే, పిల్లల జాబితా ఒక్కటే అయితే. రెండు జాబితాలని ఒకే క్వెరీలో జాయిన్ చేస్తే అవి ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి: ఒక ఆర్డర్‌కి 10 ఐటమ్స్, 10 పేమెంట్లు ఉంటే 100 వరుసలు వస్తాయి, మొత్తాలు వేస్తే అన్నీ పది రెట్లు. హైబర్నేట్ వాడినవాళ్లకి "మల్టిపుల్ బ్యాగ్ ఫెచ్" ఎర్రర్ గుర్తుండే ఉంటుంది, ఈ గుణకారం నుంచి మిమ్మల్ని కాపాడటానికే అది వచ్చేది. ఇప్పుడు ఆ ఎర్రర్ ఇచ్చేవాళ్లు లేరు.

జేసన్_ఆగ్ వాడి పిల్లలని ఒక జేసన్ కాలమ్‌గా తేవడం ఇంకో దారి, ఏపీఐ జవాబుని నేరుగా పంపే చోట చాలా బాగుంటుంది. తేదీలు అక్షరాలుగా మారిపోతాయనీ, పెద్ద పూర్ణాంకాలు జావాస్క్రిప్ట్‌లో రెండు ఘాతం 53 దాటాక ఖచ్చితత్వం కోల్పోతాయనీ గుర్తుంచుకుంటే చాలు.

ఫిల్టర్లు, సార్టింగ్ యూజర్ ఎంచుకునే స్క్రీన్లకి ఎస్‌క్యూఎల్ ఎలా రాయాలి?

చాలామంది మొదట చేసేది "పారామీటర్ ఖాళీ అయినా సరే లేదా కాలమ్ దానికి సమానమైనా సరే" అనే షరతుల్ని వరుసగా పేర్చి ఒకే క్వెరీ రాయడం. చిన్న టేబుళ్లకి ఇది చాలు. పెద్ద టేబుళ్లలో ఒక చిక్కు ఉంది: ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌ని (ఒకసారి సిద్ధం చేసి, విలువలు మారుస్తూ నడిపే క్వెరీ) పోస్ట్‌గ్రెస్ మొదటి ఐదుసార్లు ఆ విలువలు చూసి ప్లాన్ చేస్తుంది, తర్వాత విలువలతో సంబంధం లేని ఒక జెనరిక్ ప్లాన్ ఖర్చు ఎక్కువ లేదనిపిస్తే దానికి మారిపోతుంది. ఈ రకం షరతు ఉన్నప్పుడు జెనరిక్ ప్లాన్ ఇండెక్స్ వాడలేదు. టెస్ట్‌లో వేగంగా ఉండి ప్రొడక్షన్‌లో కాసేపటికి నెమ్మదించే క్వెరీల్లో కొన్నిటి రహస్యం ఇదే. 12వ వెర్షన్ నుంచి ప్లాన్_కాష్_మోడ్ అనే సెట్టింగ్‌తో ఎప్పుడూ విలువలు చూసే ప్లాన్ చేయమని చెప్పొచ్చు. కానీ ఇలాంటి స్క్రీన్లకి సరైన జవాబు క్వెరీ బిల్డరే, ఉన్న ఫిల్టర్లకి మాత్రమే షరతులు చేరతాయి.

ఇంజెక్షన్ (యూజర్ పంపిన మాట ఎస్‌క్యూఎల్‌గా నడిచిపోవడం) భయం లేదా?

విలువలన్నీ పారామీటర్లుగా పంపితే లేదు, కానీ కాలమ్ పేర్లని, సార్ట్ దిశని పారామీటర్లుగా పంపలేం. అక్కడ యూజర్ పంపిన మాటని ఎస్‌క్యూఎల్‌లో అతికించకండి, అనుమతించిన పేర్ల జాబితా కోడ్‌లో పెట్టుకుని అందులోంచి ఎంచండి.

ఒక ఆబ్జెక్ట్‌లో మారినవి ఏవో కనిపెట్టి సేవ్ చేసేది ఓఆర్‌ఎం. ఇప్పుడెలా?

కనిపెట్టాల్సిన అవసరమే లేకుండా రాయండి. "ఆర్డర్‌ని సేవ్ చేయి" అనే ఫంక్షన్ బదులు "ఆర్డర్‌ని రద్దు చేయి", "చిరునామా మార్చు" అనే ఫంక్షన్లు, ఒక్కోటీ తనకి కావాల్సిన కాలమ్‌లే మారుస్తుంది. నాకు ఈ మార్పులో అన్నిటికంటే నచ్చేది ఇదే, డేటాబేస్‌లో ఏమేం జరగొచ్చో ఆ ఫంక్షన్ల పేర్లు చదివితేనే తెలిసిపోతుంది.

ఇద్దరు ఒకేసారి మార్చే చోట, అప్‌డేట్ షరతులో ఐడీతో పాటు చదివినప్పటి వెర్షన్ పెట్టి, వెర్షన్‌ని ఒకటి పెంచి, ఎన్ని వరుసలు మారాయో చూడండి. సున్నా అయితే ఎవరో ముందే మార్చేశారు. ఆ సంఖ్యని చూడటం మర్చిపోతే ఈ ఏర్పాటంతా వృథా, అందుకే అది ఒకే హెల్పర్‌లో ఉండాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఒక తేడా ఉంది: డ్రైవర్ సెట్టింగ్‌ని బట్టి, విలువ నిజంగా మారిన వరుసలనే లెక్కపెట్టొచ్చు, పాత విలువే మళ్లీ రాస్తే సున్నా వస్తుంది. వెర్షన్ ఎప్పుడూ పెరుగుతుంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది రాదు, వెర్షన్ లేని అప్‌డేట్లలో సున్నా చూసి "వరుస లేదు" అని తేల్చేస్తే తప్పవుతుంది.

కొత్త క్వెరీ పాతదానిలాగే జవాబిస్తోందని నమ్మకం ఏంటి?

చదివే క్వెరీలకి రెండూ నడిపి పోల్చండి. యూజర్‌కి పాత జవాబే పంపి, కొంత శాతం రిక్వెస్టులకి కొత్తదాన్నీ నడిపి, తేడా ఉంటే లాగ్‌లో రాయండి. మొదట్లో వచ్చే తేడాల్లో చాలావరకు క్రమానికి సంబంధించినవే, ఆర్డర్ బై లేని క్వెరీకి ఏ క్రమమూ హామీ లేదు. తర్వాత డెసిమల్, సమయ మండలాలు, ఖాళీ విలువకీ (నల్) ఖాళీ స్ట్రింగ్‌కీ మధ్య తేడా. మిగిలినవి నిజమైన తేడాలు, వాటిలో కొన్ని పాత కోడ్‌లోని తప్పులే అయి ఉంటాయి. అలాంటివి దొరికితే ముందు పాత ప్రవర్తననే కొత్తదానిలో ఉంచి, దిద్దుబాటు విడిగా చేయండి, రెండూ కలిపితే ఏది ఎందుకు మారిందో ఎవరికీ అర్థం కాదు.

రాతలని మాత్రం ఇలా రెండుసార్లు నడపకండి. వాటికి టెస్టులే దిక్కు. టెస్టులు అసలు డేటాబేస్ మీద నడవాలి, ప్రొడక్షన్‌లో పోస్ట్‌గ్రెస్ ఉండి టెస్టుల్లో హెచ్2 లేదా ఎస్‌క్యూలైట్ లాంటి చిన్న డేటాబేస్ పెట్టుకోవడం ఇక కుదరదు, మీ ఎస్‌క్యూఎల్ ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ భాష మాట్లాడుతోంది. టెస్ట్‌కంటెయినర్స్ లాంటివాటితో అదే వెర్షన్ కంటెయినర్ తెచ్చుకుని, ఒక్కో టెస్ట్‌ని ట్రాన్సాక్షన్‌లో నడిపి వెనక్కి తిప్పేస్తే వేగంగానే ఉంటాయి. ఒకే ఆపరేషన్‌ని ఓఆర్‌ఎంతో ఒకసారి, కొత్త కోడ్‌తో ఒకసారి చేసి, ముట్టుకున్న టేబుళ్లన్నీ పోల్చే టెస్ట్ ఒకటి రాయండి. మర్చిపోయిన కాల్‌బ్యాక్‌లు ఎక్కువగా బయటపడేది అక్కడే.

స్కీమా మైగ్రేషన్లు (టేబుళ్ల నిర్మాణాన్ని అంచెలంచెలుగా మార్చే స్క్రిప్టులు) ఎవరు చూస్తారు?

ఫ్లైవే, లిక్విబేస్, డీబీమేట్, స్క్విచ్ లాంటి పనిముట్లలో ఏదైనా సరే. పాత మైగ్రేషన్లన్నీ తిరగరాయనక్కర్లేదు: ఇప్పటి స్కీమా డంప్‌ని మొదటి మైగ్రేషన్‌గా పెట్టి, ప్రొడక్షన్‌లో అది ఇప్పటికే నడిచినట్టు గుర్తు వేయండి, ఫ్లైవేలో దీనికి బేస్‌లైన్ అని కమాండే ఉంది. ఒకేసారి ఇద్దరు మైగ్రేషన్ యజమానులు ఉండకూడదు, ఒక రోజు నిర్ణయించుకుని ఆ రోజు నుంచి పాతదాన్ని ఆపేయండి.

ఐడీలు ఎలా?

ఎక్కువమందికి సమస్య లేదు, ఇన్సర్ట్‌కి రిటర్నింగ్ చేర్చితే ఐడీ చేతికొస్తుంది. హైబర్నేట్ వాడేవాళ్లు మాత్రం సీక్వెన్స్‌లు (డేటాబేస్‌లో కొత్త ఐడీలు ఇచ్చే కౌంటర్లు) చూసుకోండి. అలొకేషన్ సైజ్ మామూలుగా 50, అంటే సీక్వెన్స్ 50 చొప్పున దూకుతుంది, మధ్య సంఖ్యలని హైబర్నేట్ తన దగ్గర పంచుకుంటుంది. "ఇంత ఖాళీ ఎందుకు" అని ఎవరైనా, హైబర్నేట్ ఇంకా రాస్తుండగానే, దాన్ని ఒకటికి మార్చితే ఐడీలు ఢీకొంటాయి. చివరిదాకా ముట్టుకోకండి. ఖాళీల వల్ల నష్టం లేదు.

మారితే వేగం పెరుగుతుందా?

ఎన్ ప్లస్ వన్‌లు పోతే, అక్కర్లేని కాలమ్‌లు తేవడం మానితే, వెయ్యి ఇన్సర్ట్‌లు ఒకటైతే, పెరుగుతుంది, కొన్నిచోట్ల చాలా ఎక్కువగా. లేని ఇండెక్స్ వల్ల నెమ్మదిగా ఉన్న క్వెరీ చేత్తో రాసినా అంతే నెమ్మదిగా ఉంటుంది. స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్ ఇన్ వ్యూ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, పేజీ తయారయ్యేదాకా సెషన్ తెరిచే ఉంటుంది, దానివల్ల కనెక్షన్ కూడా చాలాసార్లు అంతసేపూ చిక్కుకుపోతుంది. పూల్ అయిపోతోందన్నదే మీ బాధైతే, ముందు ఆ ఒక్క సెట్టింగ్ ఆపి, అప్పుడు ఎక్కడెక్కడ లేజీ లోడింగ్ (అడిగినప్పుడే రిలేషన్ వరుసలు తేవడం) పగులుతుందో చూసి సరిచేయండి. మొత్తం మారాల్సిన అవసరమే తీరిపోవచ్చు.

రేపు డేటాబేస్ మార్చాల్సొస్తే?

ఓఆర్‌ఎం ఉన్నా ఆ పని తేలిక కాదు. లాకింగ్ వేరు, మామూలు ఐసొలేషన్ లెవెల్, అంటే ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లకి ఒకదాని మార్పులు ఇంకోదానికి ఎంతవరకు కనిపిస్తాయన్నది, వేరు (పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ కమిటెడ్, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో రిపీటబుల్ రీడ్), డేటా తరలించడం ఎలాగూ తప్పదు. మీ ప్రొడక్ట్‌ని కస్టమర్లు తమకి నచ్చిన డేటాబేస్ మీద ఇన్‌స్టాల్ చేసుకునేదైతే మాత్రం ఇది నిజమైన అవసరం, అప్పుడు ఓఆర్‌ఎం లేదా జూక్ లాంటి బిల్డర్ ఉంచుకోండి.

టీమ్‌లో కొందరికి ఎస్‌క్యూఎల్ అంతగా రాదు.

వాళ్లని వదిలేసి ముందుకెళ్లకండి. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీని డేటాబేస్ ఎలా నడిపిందో చూపే కమాండ్) చదవడం, జాయిన్‌లు, ఖాళీ విలువల ప్రవర్తన, ట్రాన్సాక్షన్లు, ఈ నాలుగూ కలిసి కూర్చుని మీ సొంత క్వెరీల మీదే నేర్చుకోండి. కొత్త క్వెరీ ఉన్న ప్రతి మార్పుకీ ప్రొడక్షన్‌కి దగ్గరగా ఉండే డేటా మీద తీసిన ప్లాన్ జతచేయమనండి. క్వెరీలు రాసేది ఇద్దరే అయితే, ఆ ఇద్దరూ సెలవులో ఉన్న రోజు మీ ప్రాజెక్ట్ ఓఆర్‌ఎం ఉన్నప్పటికంటే అధ్వాన్నంగా ఉంటుంది.

పని అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి? సగంలో ఆపాల్సొస్తే?

సగంలో ఆపడం తప్పేమీ కాదు, గుంపుల సరిహద్దు దగ్గర ఆపితే. ఏ టేబుల్‌కి ఎవరు రాస్తారన్న జాబితా సరిగ్గా ఉన్నంతకాలం రెండూ కలిసి ఏళ్లపాటు నడవొచ్చు.

పూర్తిగా తీసేసేటట్టయితే, చివరి మోడల్ వాడకం పోయాక కూడా లైబ్రరీని వెంటనే తొలగించకండి. నెలకోసారి, మూడు నెలలకోసారి నడిచే జాబ్‌లు, ఎవరో సర్వర్‌లోకి లాగిన్ అయి కన్సోల్‌లో నడిపే స్క్రిప్టులు ఇంకా దాన్ని పిలుస్తూ ఉంటాయి. ఓఆర్‌ఎంకి విడిగా ఒక డేటాబేస్ యూజర్ ఇచ్చి, ఆ యూజర్ నుంచి వచ్చే కనెక్షన్లని లాగ్ చేయండి. అన్ని జాబ్‌లూ ఒక్కసారైనా తిరిగేంత కాలం ఆ లాగ్ ఖాళీగా ఉంటే, ఆ యూజర్ లాగిన్ ఆపండి, ఆపైన లైబ్రరీ తీసేయండి. జాంగో_మైగ్రేషన్స్, స్కీమా_మైగ్రేషన్స్ లాంటి దాని సొంత టేబుళ్లని అన్నిటికంటే చివర, ఒక బ్యాకప్ తీసుకున్నాక తొలగించండి.